తగ్గితే పెంచుకుంటూ, పెరిగితే తగ్గించుకుంటూ

దిగులుగా ఉంటే సెరటోనిన్ తగ్గిందంటారు. ఏ పని మీదా మనసు నిలవకపోతే డోపమైన్ తగ్గిందంటారు. ఫోను వదలని పిల్లవాణ్ణి చూసి డోపమైన్ ఎక్కువైందంటారు. మెదడులో ఏ రసాయనం ఎంత ఉందన్నదే అసలు సంగతి అన్న భావం ఈ మాటల వెనక ఉంది. వీటిలో నిజం బొత్తిగా లేదనను. కానీ ఇవన్నీ కబురు పంపే వైపు నుంచి మాత్రమే లెక్క చూస్తున్నాయి. కబురు అందుకునే వైపు ఇంకో లెక్క ఉంది. ఒక నాడీకణం విడిచిన రసాయనం పక్క కణం మీద పనిచేయాలంటే, దాన్ని పట్టుకునే ప్రోటీన్లు ఆ పక్క కణం పైపొరలో ఉండాలి. వాటినే గ్రాహకాలనీ, రిసెప్టర్లనీ అంటున్నాం. అవి ఒకసారి అమర్చాక కదలకుండా ఉండిపోయేవి కావు. కణం వాటిని లోపల తయారుచేసి పైకి పంపుతుంది, పైనున్న వాటిని లోపలికి లాక్కుంటుంది, వాటిలో కొన్నిటిని మళ్లీ పైకి పంపి, మిగిలినవాటిని విరగ్గొట్టేస్తుంది. పైన ఎన్ని ఉండాలన్న సంఖ్యను ఇలా ఎప్పటికప్పుడు సవరించుకుంటూనే ఉంటుంది. ఈ సవరణ దేన్ని బట్టి జరుగుతోంది? వచ్చి పడే రసాయనాన్ని బట్టి అని చటుక్కున తోస్తుంది. నేను చదివిన ఆధారాలు చెప్పేది వేరు. కణం ప్రధానంగా కనిపెట్టుకుని ఉండేది బయటి నుంచి వచ్చేదాన్ని కాదు, తన సొంత పనిని: తాను ఎంతగా స్పందిస్తున్నదీ, ఎన్నిసార్లు విద్యుత్ సంకేతం పుట్టిస్తున్నదీ. ఈ తేడా చూడటానికి చిన్నదే గానీ, మత్తుకు అలవాటుపడ్డ మనిషి గురించి మనం ఇచ్చే తీర్పులు చాలావరకు దీని మీదే నిలుస్తాయి, లేదా కూలిపోతాయి.

ఈ విషయం మొదట తేటపడింది మెదడులో కాదు, కండరంలో. హార్వర్డ్‌లో శరీరధర్మ శాస్త్రం బోధించిన వాల్టర్ కానన్, 1939లో ఒక సూత్రం చెప్పాడు: నరం తెగిపోయిన అవయవం ఆ నరం విడిచే రసాయనానికి మునుపటి కన్నా ఎక్కువగా స్పందిస్తుంది. శరీరం తన లోపలి స్థితిని తానే నిలబెట్టుకునే గుణానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టింది కూడా ఈయనే. ఇరవై ఏళ్ల తర్వాత, 1959లో, ఆక్సెల్‌సన్, థెస్లెఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ అదనపు స్పందన ఎక్కడి నుంచి వస్తోందో చూపించారు. మామూలు కండరపు పోగు మీద నరం విడిచే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌కు స్పందించే చోటు ఒక్కటే, నరం వచ్చి తాకే ఆ కాస్త మేర. నరం తెగాక కొన్నాళ్లకు పోగు మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, స్పందించడం మొదలుపెడుతుంది. ఆ రోజుల్లో గ్రాహకాలను ఎవరూ కళ్లతో చూడలేదు, లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే సాధనం పాము విషం నుంచి వచ్చింది. తైవాన్‌లో దొరికే ఒక జాతి కట్లపాము విషం నుంచి చాంగ్, లీ 1963లో వేరుచేసిన ఆల్ఫా బంగరోటాక్సిన్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని పట్టుకుంటే ఇక వదలదు. దానికి రేడియోధార్మిక గుర్తు తగిలించి కండరం మీద వేస్తే, ఎన్ని అణువులు అతుక్కున్నాయో దాన్ని బట్టి గ్రాహకాలు ఎన్నో తేలిపోతుంది. నరం తాకేచోట చదరపు మైక్రాన్‌కు సుమారు 10,000. కాస్త పక్కకు జరిగితే అందులో వెయ్యో వంతు. నరం తెగిన కండరంలో ఆ పక్క భాగమంతా కొత్త గ్రాహకాలతో నిండిపోతుంది. అంటే కానన్ చూసిన అతిస్పందన వెనక ఉన్నది పాత గ్రాహకాల చురుకుదనం కాదు, కణం కొత్తగా చేసి పెట్టుకున్న గ్రాహకాలు.

అయితే కండరానికి లోటు తెలిసిందెలా? నరం నుంచి ఏదో పోషక పదార్థం వస్తుంటుందనీ, అది ఆగిపోవడమే కారణమనీ ఒక వాదం ఉండేది. రసాయనం రావడం లేదు కాబట్టి గ్రాహకాలు పెరిగాయి అని దాన్ని కుదించి చెప్పొచ్చు. 1972లో నార్వేకు చెందిన తెర్యే లోమో, జీన్ రోజెంతాల్‌తో కలిసి దీన్ని రెండు వైపుల నుంచీ పరీక్షించాడు. ఎలుకలో నరాన్ని కోయకుండానే దానిగుండా సంకేతాలు నడవకుండా ఆపారు. కండరం నరం తెగినట్టే ప్రవర్తించింది. ఇంకోవైపు, నరం నిజంగానే తెగిన కండరానికి నేరుగా విద్యుత్తుతో కదలిక ఇచ్చారు. నరం లేదు, ఎసిటైల్‌కోలిన్ లేదు, ఉన్నది కండరం కదలడం ఒక్కటే. పోగు నిండా పరుచుకున్న ఆ అతిస్పందన వెనక్కి తగ్గి, మళ్లీ పాత చోటికి కుదించుకుపోయింది. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో ఇంత తేటైన ప్రయోగం ఇంకొకటి లేదు. నరం నుంచి వచ్చే పదార్థాలకు పాత్ర లేదని కాదు. నరం తాకేచోట గ్రాహకాలను గుంపుగా కూర్చేది నరం విడిచే ఆగ్రిన్ అనే ప్రోటీనేనని తర్వాత తేలింది. కానీ మిగిలిన పోగు మీద గ్రాహకాలు ఉండాలా వద్దా అన్నది కండరం తన కదలికను బట్టే తేల్చుకుంటోంది. ఇది పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కూడా కాదు. కాలిన గాయాలతో వచ్చి కొన్ని రోజులు గడిచినవాళ్లకూ, వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవాళ్లకూ మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ ఇవ్వరు. కండరాలను క్షణాల్లో సడలించే ఆ మందు మామూలు మనిషికి పనికొచ్చేదే. కండరాల నిండా గ్రాహకాలు లేచి ఉన్న మనిషికి ఇస్తే మాత్రం వాటన్నిటినీ ఒకేసారి తెరుస్తుంది, కండరాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చి పడుతుంది, గుండె ఆగిపోవచ్చు. మందు అదే, మోతాదు అదే. మారింది అందుకునే వైపున్న సంఖ్య.

మెదడులోనూ ఇదే జరుగుతుందని చూపించింది బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జీనా టురిజియానో, ఆమె సహచరులు. 1998లో వాళ్లు ఎలుక మెదడు కార్టెక్స్ కణాలను గాజు పాత్రలో పెంచి, కొన్నిటిని, విద్యుత్ సంకేతాలను ఆపే టెట్రోడోటాక్సిన్‌తో రెండు రోజులు నోరెత్తకుండా చేశారు. ఇంకొన్నిటిలో నిరోధక సంకేతాలను ఆపేసి మితిమీరి ఉత్తేజపరిచారు. మౌనంగా ఉంచిన కణాల్లో, ఉత్తేజపరిచే రసాయనమైన గ్లూటమేట్‌కు స్పందన పెరిగింది. రెచ్చగొట్టిన కణాలు మొదట విపరీతంగా సంకేతాలు పుట్టించినా, 48 గంటలకల్లా దాదాపు పాత వేగానికి దిగొచ్చాయి. వాటి స్పందన తగ్గింది. ఈ పెరగడం తగ్గడంలో ప్రధానమైనది ఆంపా రకం గ్లూటమేట్ గ్రాహకాల సంఖ్య. 'కణం తెలుసుకుంటుంది', 'కణం సవరించుకుంటుంది' అంటుంటే, ఒక ప్రోటీన్ల మూటకు బుద్ధిని అంటగడుతున్నారేమిటని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ తెలుసుకునే ఆసామీ ఎవరూ అక్కర్లేదు. కణం సంకేతం పుట్టించినప్పుడల్లా దాని లోపలికి కాల్షియం వస్తుంది. ఎక్కువగా పనిచేస్తే కాల్షియం ఎక్కువ, ఊరుకుంటే తక్కువ. ఆ మట్టాన్ని బట్టి కొన్ని ఎంజైములు మేలుకుంటాయి లేదా అణగుతాయి, అవి కేంద్రకంలో జన్యువుల పనిని మారుస్తాయి, దాన్ని బట్టి పైపొరకు చేరే గ్రాహకాలు పెరుగుతాయి లేదా తగ్గుతాయి, దాంతో కాల్షియం మళ్లీ పాత మట్టానికి వస్తుంది. కొలత కణం సొంత పని మీదే నడుస్తోందని ఈ గొలుసే చెబుతుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి: ఈ నిర్ణయం నాడీకణానిది ఒక్కదానిదే కాదు. చుట్టూ ఉండే గ్లియా కణాలు విడిచే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ప్రోటీన్ లేకపోతే, మౌనంగా ఉంచిన కణాలు కూడా గ్రాహకాలను పెంచుకోలేవని స్టెల్‌వాగెన్, మాలెంకా 2006లో చూపించారు. వాపు వచ్చినప్పుడు శరీరమంతా తిరిగే పదార్థమే ఇక్కడ ఈ పని చేస్తోందన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి లేస్తుంది. జ్ఞాపకం అంటే రెండు నాడీకణాల మధ్య కబురు దాటే చోట్లైన కొన్ని సినాప్స్‌లు బలపడటమే అని కదా చెబుతారు? 1966లో ఆస్లోలో తొలిసారి కనిపెట్టి, 1973లో టిమ్ బ్లిస్‌తో కలిసి ప్రచురించిన ఆ బలపడటం కూడా ఇదే తెర్యే లోమో పనే. కొద్ది సేపు వేగంగా వచ్చిన సంకేతాల వల్ల కుందేలు మెదడులోని హిప్పోకాంపస్‌లో ఒక దారి గంటల తరబడి బలంగా ఉండిపోయింది. ఆ బలంలో పెద్ద భాగం అక్కడ పైకి వచ్చి కూర్చున్న అదనపు ఆంపా గ్రాహకాలదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మరి కణం తన సగటు పనిని పాత స్థాయికి లాక్కుంటుంటే, నేర్చుకున్నదంతా రెండు రోజుల్లో చెరిగిపోవాలి కదా? పోదు. ఎందుకంటే టురిజియానో ప్రయోగంలో సవరణ కూడికలా జరగలేదు, గుణకారంలా జరిగింది. ఒక్కొక్క సినాప్స్‌కు ఇన్నేసి గ్రాహకాలు చేర్చడం కాదు. అన్నిటినీ ఒకే రెట్టుకు పెంచడమో, ఒకే రెట్టుకు తగ్గించడమో. ఊళ్లో అందరి కూలీనీ ఒకటిన్నర రెట్లు చేస్తే ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న వరస చెదరనట్టే, బలమైన సినాప్స్ బలమైనదిగానే, బలహీనమైనది బలహీనంగానే మిగులుతాయి. జ్ఞాపకం ఆ తేడాల్లో ఉంది, మొత్తంలో లేదు. నిజానికి ఈ సవరణ లేకపోతేనే జ్ఞాపకానికి ముప్పు: బలపడ్డది కణాన్ని మరింత పనిచేయిస్తుంది, పనిచేసేకొద్దీ ఇంకా బలపడుతుంది, చివరికి అన్నీ గరిష్ఠానికి చేరి తేడాలే మిగలవు. ఆంపా గ్రాహకాల ఆయువు రోజుల లెక్కలో ఉంటే మనిషి జ్ఞాపకం పదుల ఏళ్లు నిలుస్తుంది. అణువులు మారిపోతుంటే జ్ఞాపకం ఎలా నిలుస్తుందని ఫ్రాన్సిస్ క్రిక్ 1984లో అడిగాడు. నిలవాల్సింది ఫలానా గ్రాహకం కాదు, ఆ చోట ఉండవలసిన సంఖ్య అనుకుంటే ఆ ప్రశ్నలో సగమైనా తేలికవుతుంది.

మరో అభ్యంతరం ఇంతకన్నా చిక్కైనది. పొగతాగేవాళ్ల మెదడు సంగతి తీసుకుందాం. నికోటిన్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలనే ఉత్తేజపరుస్తుంది. ఎక్కువైనప్పుడు కణం గ్రాహకాలు తగ్గించుకోవాలి గదా? కానీ పొగతాగేవాళ్లలో ఆ గ్రాహకాలు తగ్గవు, పెరుగుతాయి. జంతువుల్లో 1980ల తొలి ఏళ్లలోనే ఇది బయటపడింది. 'వచ్చే రసాయనాన్ని బట్టి సవరణ' అన్న సులువైన సిద్ధాంతం ఇక్కడ ముక్కలైపోతుంది. 'సొంత పనిని బట్టి' అన్న సిద్ధాంతం కొంతవరకు నిలుస్తుంది: నికోటిన్ అదేపనిగా ఉంటే గ్రాహకాలు మొద్దుబారి మూసుకుపోతాయి, కణం దృష్టిలో అది ఎక్కువ కాదు, లోటే. అయితే ఇంతటితో గెలిచామనుకోవడం తప్పు. నికోటిన్ కణం లోపలికి చేరి, తయారీ దశలోనే గ్రాహకపు ముక్కలు సరిగా కూడేలా చేసి, ఎక్కువ గ్రాహకాలు పైకి చేరడానికి కారణమవుతుందని కూడా చూపించారు. అది సవరణ కాదు, మందు చేసిన పక్కపని. గ్రాహకాల సంఖ్యలో కనిపించే ప్రతి మార్పునూ సమతుల్యత ఖాతాలో వేయకూడదని నికోటిన్ నేర్పుతుంది. పండ్ల ఈగ ఇంకో హద్దు చూపిస్తుంది. దాని పిల్లపురుగు కండరంలో గ్రాహకాల స్పందన జన్యులోపం వల్ల తగ్గిపోతే, కండరం తన వైపు సరిచేసుకోలేక నరానికే వెనక్కి కబురు పంపుతుంది. నరం మరింత రసాయనం విడుస్తుంది, కండరం కదలిక మామూలుగానే ఉంటుంది. కాబట్టి కాపాడబడేది సంఖ్య కాదు, పని. సంఖ్య ఆ కాపాడే దారుల్లో ఒకటి, అది కూడా ఎప్పుడూ అందుబాటులో ఉండేది కాదు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. తెలంగాణలో చెట్టు నుంచి దిగే కల్లు చాలక, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లను కల్లు పేరుతో అమ్మడం ఏళ్ల తరబడి నడిచింది. 2015లో అధికారులు దాన్ని గట్టిగా అరికట్టబోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో ఆస్పత్రులకు పెద్ద సంఖ్యలో జనం వచ్చారు. చేతులు వణుకుతున్నవాళ్లు, మూర్ఛలు వస్తున్నవాళ్లు, లేనివి కనిపిస్తున్నాయనీ వినిపిస్తున్నాయనీ చెప్పేవాళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మద్యం, కల్లు దొరకనప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ అలాగే వచ్చారు. ఆల్ప్రాజోలం, డైజిపామ్, మద్యం అన్నీ గాబా అనే నిరోధక రసాయనం పనిని పెంచుతాయి. రోజూ అలా అణచివేతలో ఉన్న కణాలు గాబా గ్రాహకాల రకాలను మార్చుకుంటాయి, ఆ మందుకు వాటి స్పందన పలచబడుతుంది. మద్యం విషయంలో ఉత్తేజపరిచే గ్లూటమేట్ గ్రాహకాలు కూడా పెరుగుతాయి. ఇక్కడ సంఖ్య ఒక్కటే కాదు, రకమూ మారుతోందన్నది మరవకూడదు. మందు ఉన్నంతకాలం ఈ కొత్త అమరికతో మెదడు దాదాపు మామూలుగా నడుస్తుంది. మందు ఒక్క పూటలో ఆగిపోతే, అణచివేతను తట్టుకోవడానికి కట్టుకున్న ఉత్తేజమంతా అడ్డులేకుండా బయటపడుతుంది. ఆ మూర్ఛ అదే. కల్లు దుకాణానికి వెళ్లిన కూలీకి తాను ఆల్ప్రాజోలం తీసుకుంటున్నానని తెలియదు. అతను కోరుకున్నది కల్లు. అయినా అతని కణాలు ఆల్ప్రాజోలానికి తగ్గట్టే మారాయి. మనిషి ఉద్దేశానికీ ఈ సవరణకూ సంబంధం లేదనడానికి ఇంతకన్నా ఆధారం ఏం కావాలి? ఆ కల్తీ ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాడులకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు సిద్ధం చేసి, వచ్చినవాళ్లకు కొలిచిన మోతాదులో అదే జాతి మందు ఇచ్చి కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించే ఏర్పాటు లేకుండా దుకాణాలు మూయించడం, శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసి కూడా పట్టించుకోకపోవడమే. గ్రాహకాలు రోజుల్లో, వారాల్లో కదులుతాయి. ప్రభుత్వ ఉత్తర్వు ఒక్క రోజులో అమలవుతుంది. ప్రమాదం ఆ రెండు వేగాల మధ్య ఉంది.

అన్నిటినీ గ్రాహకాల మీదికి నెట్టేసి మనిషి బాధ్యతను చెరిపేస్తున్నారని ఇక్కడ కొందరు అంటారు. ఈ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేను, ఎందుకంటే గ్రాహకాల లెక్కే దీనికి కొంత మద్దతు ఇస్తుంది. రోజూ గంజాయి తాగేవాళ్ల మెదడులో గంజాయి పనిచేసే సీబీ1 గ్రాహకాలు తగ్గి ఉన్నాయనీ, నాలుగు వారాలు మానేస్తే అవి మళ్లీ పెరిగాయనీ 2012లో వచ్చిన ఒక స్కానింగ్ అధ్యయనం చూపించింది. పొగ మానేసినవాళ్లలో నికోటిన్ గ్రాహకాలు మూడు నెలల్లోపే మామూలుకు వస్తాయి. మరి ఏడాది మానేసి కూడా తిరిగి మొదలుపెట్టేవాళ్లున్నారే? వాళ్ల విషయంలో గ్రాహకాల సంఖ్య సంజాయిషీ కాలేదు. అక్కడ పనిచేస్తున్నది నేర్చుకున్నది, అంటే గుణకారంలో చెదరకుండా మిగిలిన ఆ తేడాలు: ఫలానా సందు, ఫలానా స్నేహితుడు, ఫలానా సాయంత్రం. కాబట్టి మానేసిన తొలి వారాల బాధకూ, తర్వాతి ఏళ్ల కోరికకూ ఒకే కారణం చెప్పడం సరికాదు. మొదటిదానికి మెల్లగా తగ్గించడం మందు, రెండోదానికి బతుకు మారడం. బతుకు మారితే గ్రాహకాలూ మారతాయి అనడానికి 2002లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్‌లో జరిగిన కోతుల అధ్యయనం ఉంది. విడివిడిగా ఉంచిన కోతులను గుంపులుగా కలిపాక, గుంపులో పైచేయి సాధించిన వాటిలో డోపమైన్ డీ2 గ్రాహకాల కొలత పెరిగింది. కింద మిగిలిపోయిన వాటిలో పెరగలేదు. తర్వాత కొకైన్ అందుబాటులో పెడితే అలవాటుపడింది ఎక్కువగా ఆ కింద ఉన్నవే. ఫోను రెండు రోజులు పక్కన పెడితే డోపమైన్ శుభ్రపడుతుందని చెప్పేవాళ్లు ఈ కోతుల గురించి కూడా చెప్పాలి. డోపమైన్ శుభ్రపడే మురికి కాదు, రెండు రోజులు చాలే సవరణా కాదు. పైగా ఆ సంఖ్య గుంపులో ఎవరెక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి కూడా కదులుతోంది.

ఈ సవరణ వెనక్కి తిరగడం ఎప్పుడూ మేలే అనుకోవడం కూడా పొరపాటు. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు అలవాటుపడ్డ మనిషిలో ఊపిరిని నడిపే కణాలు ఆ మందును కొంతవరకు తట్టుకునేలా మారి ఉంటాయి. అందులో గ్రాహకాల పాత్ర కొంత, వాటి వెనకుండే సంకేతాల గొలుసు పాత్ర కొంత. జైల్లో నెలల తరబడి మందు లేకుండా గడిపితే ఆ తట్టుకునే శక్తి పోతుంది, కణాలు ఆరోగ్యంగా పాత స్థితికి వస్తాయి. బయటికొచ్చిన మనిషి గుర్తుపెట్టుకున్నది మాత్రం పాత మోతాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైనవాళ్లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, విడుదలైన తొలి రెండు వారాల్లో మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదం సాధారణ జనాభాలో ఉన్నదానికి 129 రెట్లు. ఆ రెండు వారాల ముందు, జైలు గేటు లోపలే, నీ శరీరం ఇప్పుడు పాత మోతాదును మోయలేదని చెప్పి, ఊపిరి ఆగబోతే వాడాల్సిన నాలొక్సోన్ చేతికిచ్చి పంపడం జైలు వైద్యుల పని.